ఒకే బడి, రెండు సైన్యాలు

అమెరికాలో వెస్ట్ పాయింట్ అనే సైనిక విద్యాలయం ఉంది. 1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోటపై ఫిరంగులు పేలి అంతర్యుద్ధం మొదలయ్యేసరికి అక్కడి యువకుల చదువు ఇంకా ముగియలేదు. సైన్యానికి అధికారులు కావలసివచ్చి, మరుసటి ఏడు వెళ్ళవలసిన తరగతిని కూడ ఆ జూన్‌లోనే పంపివేశారు. ఆ 34 మందిలో ప్రథముడు పాట్రిక్ ఓరూర్క్. ఐర్లండులో పుట్టిన కతోలికుడు. అంతకుముందు చలువరాళ్ళు చెక్కి బ్రతికినవాడు.

అదే బడిలో చదివిన అలబామా యువకుడు జాన్ పెల్హామ్, పట్టా అందడానికి కొద్ది వారాల ముందు రాజీనామా చేసి, బానిసత్వాన్ని నిలుపుకొనదలచిన దక్షిణాది పక్షాన చేరాడు. 1863 మార్చిలో పెల్హామ్, అదే ఏడు జూలై 2న గెట్టిస్‌బర్గ్‌లో ఓరూర్క్ నేలకొరిగారు. ఓరూర్క్ భార్య పిమ్మట మఠంలో చేరి కన్యస్త్రీ అయింది.

గమనించండి. వీరు ఒకే పంక్తిని భుజించినవారు, ఒకే గురువుల వద్ద నేర్చినవారు. తుపాకి పట్టడం బడి నేర్పింది. ఎవరిపై గురిపెట్టాలో చాలామందికి పుట్టిన ఇల్లు, ఊరు నేర్పాయి. మనిషిని మనిషి కొని అమ్మడం తప్పుకాదని నేర్పిన చోట, స్నేహం కూడ ఓడిపోయింది.

తల్లిదండ్రులారా, పిల్లలను మంచి బడికి పంపినంత మాత్రాన మన బాధ్యత తీరదు. పొరుగువారి కులాన్ని గూర్చి, మతాన్ని గూర్చి భోజనాలవేళ మన నోట వచ్చే మాటను వారు పాఠంగానే వింటారు. ఈ వారం మన యింట ఏ పాఠం చెప్పాము? నేటి రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఆలోచించండి.