టైరు జారకుండా ట్రాక్టరు సాగాలంటే: 8 చిట్కాలు

నిజామాబాద్ జిల్లా ఇందల్వాయిలో అడవి అంచున వాలు చెల్కలు, చెరువుల కింద బురద మడులు. ఒకే ట్రాక్టరు రెండు చోట్లా దిగాలి. టైరు ఉన్నచోటే తిరుగుతుంటే చాలామంది రేస్ పెంచుతారు. గుంత లోతవుతుంది, డీజిల్ కాలుతుంది తప్ప బండి కదలదు. పట్టు కావాలంటే బరువు, గాలి, గేరు మూడూ కుదరాలి.

1. దుక్కిలో టైరు అచ్చు చూడండి. అచ్చు పూర్తిగా చెరిగిపోతే జారుడు ఎక్కువ. చెక్కినట్టు స్పష్టంగా పడితే బరువు ఎక్కువ. మధ్యలో కొద్దిగా చెరిగితే సరిపోయినట్టే.

2. పొలంలో గాలి కాస్త తక్కువుంటే టైరు నేలకు ఎక్కువ ఆనుతుంది. ఎంత ఉండాలో కంపెనీ పుస్తకం చూసి గేజీతో కొలవండి. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి.

3. పొడి దుక్కికి వెనక టైర్లలో నీళ్లు పట్టించండి. వాల్వు పైకి ఉండగా నీళ్లు ఆ మట్టానికి వస్తే ముప్పావు వంతు నిండినట్టు. మిగతాది గాలికి వదలాలి.

4. కరిగెటలో ఆ బరువే దిగబడేలా చేస్తుంది. అక్కడ నీళ్లు తీసేసి ఇనుప కేజ్ వీల్స్ బిగించండి. వాటితో తారు రోడ్డెక్కవద్దు.

5. ఒక చక్రమే తిరుగుతుంటే క్లచ్ నొక్కి, చక్రాలు ఆగాక డిఫ్ లాక్ వేయండి. నేరుగా పోతున్నప్పుడే వాడాలి. మలుపు ముందే వదిలేయాలి.

6. దిగబడితే పనిముట్టు విప్పి, చక్రాల వెనక మట్టి తవ్వి, వచ్చిన దారినే రివర్సులో తీయండి. చక్రానికి దుంగ కట్టి ముందుకు లాగితే ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడుతుంది.

7. వాలు దిగేటప్పుడు పైనే చిన్న గేరు వేసుకోండి. న్యూట్రల్ వద్దు, మధ్యలో క్లచ్ నొక్కవద్దు. రెండు బ్రేకు పెడళ్లూ కలిపి లాక్ చేయండి.

8. బోధన్ నిజాం షుగర్స్ 2015లో మూతపడ్డాక మన చెరకు కామారెడ్డి జిల్లా ఫ్యాక్టరీల దాకా పోతోంది. ఆశకొద్దీ ట్రాలీ నింపితే ఎత్తులో ముందు చక్రాలు తేలి, స్టీరింగ్ పనిచేయదు. ట్రాలీని కింది హుక్కుకే తగిలించండి, ముందు బంపరుకు బరువులు పెట్టండి. అయినా తేలితే చెరకు దింపాల్సిందే.