ఒక పీయా, రెండు పీలా?

టెక్కలి

చిరంజీవి శ్రీవల్లికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. "నాలుగు రోజులు వెతికాను తాతా, చినముత్తాత పేరు ఎక్కడా లేదు, ఇక వదిలేస్తాను" అన్న ముక్క చదివాక రాత్రంతా నిద్ర లేదు. పైగా పొద్దున్న టిఫిను కూడా మానేసి రికార్డులకు పరుగెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముందు తిండి సంగతి చూసుకో తల్లీ. ఖాళీ కడుపుతో పాత ఫైలు చదివితే అక్షరాలు అలుక్కుపోతాయి. రికార్డు రూములో ముప్పై నాలుగేళ్ళు దుమ్ము మింగినవాణ్ణి చెబుతున్నా.

బర్మా వెళ్ళి తిరిగి రాని మా చిన్నాన్న కథ మళ్ళీ ఎత్తను, నీకు కంఠతా వచ్చు. నేనడిగేది ఒక్కటే, ఏ పేరుతో వెతికావు? అప్పలస్వామి అని నువ్వు ఇంగ్లీషులో రాసుకునే తీరునే కదా కొట్టి చూశావు? అక్కడే బోల్తా పడ్డావు. అప్పలో ఒక పీయా, రెండు పీలా? ల దగ్గర ఒక ఎల్లా, రెండా? స్వాలో డబ్ల్యూయా, వీయా? చివర వైయా, ఐయా? నాలుగు చోట్లా రెండేసి చొప్పున లెక్కగట్టు, పదహారు తేలతాయి. ఊళ్ళో అందరూ అప్పలసామి అనేవారు, అవి వేరే. రేవులో పేర్లు రాసుకున్న గుమాస్తాకు తెలుగు రాదు, చిన్నాన్నకు ఇంగ్లీషు రాదు. వాడి చెవికి ఏది పడితే అదే కాగితం మీదికెక్కింది.

నా పెళ్ళి శుభలేఖలో ప్రెస్సువాడు అప్పన్నలో ఒత్తు మింగేస్తే అపన్ననయ్యాను. మీ నానమ్మ కోపం వచ్చినప్పుడల్లా ఆ పేరుతోనే పిలిచేది. ఇప్పుడు అలా పిలిచేవాళ్ళు లేరు. సరే, ఎక్కడికో పోతున్నాను.

ఊళ్ళ పేర్లూ అంతే. శ్రీకాకుళం జిల్లా అని వెతికానన్నావు. 1950లో పుట్టిన జిల్లా 1942 ఫైల్లో ఎలా ఉంటుందే పిచ్చిపిల్లా? అప్పుడు మనది విశాఖ జిల్లా, వైజాగపటం అని రాసేవారు. 1936కు ముందు గంజాం. శ్రీకాకుళం పట్నం చికాకోల్, కాకినాడ కొకనాడ. మనవాళ్ళను తెలుగువాళ్ళని కాక కోరంగీలని కూడా అనేవారు. కోరంగి రేవులో ఓడెక్కినవాళ్ళ పేరు బర్మాలో అందరికీ అంటుకుపోయింది.

ఇక రెండో మాట. మనిషిని వెతక్కు, ఆ మనిషితో ఎవరికి పని పడిందో వాళ్ళ కాగితాలు వెతుకు. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న ఊరు జపానువాళ్ళ చేతికి పోయింది. లక్షలమంది అరకాన్ మీదుగా చిట్టగాంగుకో, తమూ మీదుగా ఇంఫాలుకో నడక పట్టారు. దారిలో గంజి పోసినవాడూ రైలు టికెట్టు ఇచ్చినవాడూ లెక్క రాసి ఉంటాడు. పైవాడికి ఖర్చు చూపాలిగా! ఢిల్లీలోనే ఉన్నావు కనుక ఇండియన్స్ ఓవర్సీస్ శాఖ ఫైళ్ళు అడుగు. ఆ శాఖ పెట్టింది 1941లోనే. బర్మా 1937 ఏప్రిల్ 1న మన నుంచి విడిపోయింది, అందుకని లండన్ బ్రిటిష్ లైబ్రరీలో బర్మా ఆఫీసు కాగితాలు విడిగా ఉంటాయి. మద్రాసు ప్రభుత్వం జీవోలకు చెన్నై ఎగ్మూరు వెళ్ళాలి. నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో పేరు కొడితే రాలేదని కూలబడకు. అక్కడ దొరికేది ఎక్కువగా ఫైలు శీర్షిక, లోపలి జాబితాలో పేర్లు కావు.

ఒక సంగతి మీ నానమ్మకు కూడా చెప్పలేదు. 1964లో నేను కొత్తగా చేరిన కచేరీలో యుద్ధం నాటి డి.డిస్. కట్టలు పేరుకుపోయి ఉన్నాయి. డి.డిస్. అంటే పదేళ్ళు ఉంచి చింపేసేది. చింపమని ఆర్డరొచ్చింది. నేనూ ఒక అటెండరూ మూడు రోజులు చింపాం. ఒక బస్తా విప్పితే బర్మా నుంచి వచ్చినవాళ్ళ అర్జీలు, కింద వేలిముద్రలు. సిరా వెలిసిపోయినా వేలి గీతలు మాత్రం లెక్కపెట్టేలా ఉన్నాయి. ఒకటి చదవబోతే పై గుమాస్తా "చదవడానికి కాదయ్యా నీకు జీతం" అన్నాడు. చదవలేదు. చింపేశాను. ఆ కట్టలో చిన్నాన్న సంగతి తెలిసినవాడి అర్జీ ఉందో లేదో ఆ పైవాడికే ఎరుక.

అయితే కాగితానికి రెండు కొసలుంటాయి తల్లీ. కింద అర్జీ చింపినా, దాని మీద పైకి వెళ్ళిన రిపోర్టు ఎక్కడో పడి ఉండొచ్చు. నేను చింపింది ఒక కొసే. రెండోది నిన్ను చూడమంటున్నాను.

తిథి తెలియక ఇన్నేళ్ళూ చిన్నాన్నకు మహాలయ అమావాస్యకే పెడుతున్నాం. తేదీ దొరికితే మంచిదే. దొరక్కపోతే నీ తప్పేం లేదు. నువ్వు చిక్కిపోతే మాత్రం మీ అమ్మ నన్ను బతకనివ్వదు.

సున్నుండలు పంపాను. కొరియరు కుర్రాడు నీ పేరులో ఒక ఎల్ తినేశాడు. దిద్దమంటే "చేరిపోద్దిలే తాతా" అన్నాడు. వాళ్ళ ఆఫీసులో ఆ పేరుతో ఏమీ లేదంటే తిరిగి వచ్చేయకు. ఇంకోలా పలికి అడుగు.

మీ తాతయ్య