తల్లి చేపల లెక్క

చెరువు నిండా చేపలుంటే జన్యువైవిధ్యమూ నిండుగా ఉన్నట్టేనని నేనూ అనుకునేవాణ్ణి. కాదు సుమా! కృష్ణా, గోదావరి జిల్లాల్లో పెంచే పంగాసియస్‌నే చూడండి. మేకాంగ్ నదికి చెందిన ఈ జెల్లజాతి చేప 1995-96లో బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది. ఇక్కడి నదుల్లో దానికి కొత్త తల్లులు దొరకవు.

కణంలోని మైటోకాండ్రియాకు సొంత డి.ఎన్.ఏ. ఉంది: సుమారు 16,500 బేస్ జంటలు, 37 జన్యువులు. ఇది తల్లి నుంచే సంక్రమిస్తుంది. ఒక్కో తల్లిచేప లక్షల గుడ్లు పెడుతుంది. అంచేత హేచరీలో నాలుగు తల్లిచేపల్నే వాడితే, పిల్లలు ఎన్నున్నా మైటోకాండ్రియా వంశాలు నాలుగుకు మించవు. తండ్రి సంగతి తెలియాలంటే కేంద్రకంలోని డి.ఎన్.ఏ. చూడాల్సిందే.

వైవిధ్యం తరిగిన చెరువులో కొత్త తెగులు సోకితే తట్టుకునేవి తక్కువ కావచ్చు, నష్టం రైతుదే. కనుక పిల్లల కంటే ముందు తల్లుల్ని లెక్కపెడదాం.