ఎన్నారై పన్ను రిటర్ను: సాయం తీసుకోండి, బాధ్యత మాత్రం మీదే

దుబాయ్‌లోనో దోహాలోనో పనిచేసే మనవాళ్లలో చాలామందికి ఇక్కడ వచ్చే ఆదాయం కొద్దిపాటిదే. బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీ, నిజామాబాద్‌లోనో అమలాపురంలోనో అద్దెకిచ్చిన ఇల్లు, ఎప్పుడో ఒకసారి అమ్మిన ప్లాటు. ఈ మాత్రం లెక్కకు ఎవరైతేనేం అనుకుని పాన్, ఆధార్, పాస్‌వర్డు అన్నీ తెలిసినవాళ్లు చెప్పిన ఏజెంటుకు వాట్సాప్‌లో పంపేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. రిటర్నులో ఎవరు ఏం నింపినా, చట్టం దృష్టిలో అది మీరు ఇచ్చిన వాంగ్మూలమే.

పాస్‌వర్డు, మొబైల్, ఈమెయిల్ మీ చేతిలోనే ఉంచుకోండి

2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది. కమీషన్ కోసం దొంగ మినహాయింపులు చూపి రిఫండ్లు ఇప్పిస్తున్న ఏజెంట్లే లక్ష్యం. కొందరు ఏజెంట్లు రిటర్నులు వేయడానికే తాత్కాలిక ఈమెయిళ్లు సృష్టించి, పని అయ్యాక వదిలేశారని, ఆ ఖాతాలకు వెళ్లిన నోటీసులు ఎవరూ చదవలేదని శాఖ ప్రకటించింది. ఊళ్లో ఉన్నవాళ్లకే తెలియకపోతే, కువైట్‌లో షిఫ్టులు చేసుకునే మనిషికి ఏం తెలుస్తుంది?

అందుకే ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోకి మీరే వెళ్లి ప్రొఫైల్ తెరవండి. అక్కడ ఎవరి నంబరు ఉంది, ఎవరి ఈమెయిల్ ఉంది, రిఫండు ఏ బ్యాంకు ఖాతాకు వెళ్తుందో చూడండి. మీది కానిది కనిపిస్తే వెంటనే మార్చి, పాస్‌వర్డు కూడా మార్చేయండి. ఇండియా సిమ్ ఆగిపోతే ఆధార్ ఓటీపీ రాదు. ఏజెంటు తన నంబరు ఇవ్వడానికి సాకు దొరికేది ఇక్కడే. చిన్న రీఛార్జితో ఆ సిమ్‌ను బతికించుకోండి.

లాగిన్ పేజీలో ఒక మంచి ఏర్పాటు ఉంది. మీరు ముందే ఒక సొంత సందేశం పెట్టుకుంటే, పాన్ కొట్టగానే అసలు పోర్టల్ ఆ మాటలను చూపిస్తుంది. అవి కనిపించకపోతే పాస్‌వర్డు కొట్టకండి.

మరి ఆడిటర్ గారికి పని ఎలా అప్పగించాలి? పోర్టల్‌లోనే మీ సీఏను చేర్చుకునే వీలుంది. దేశంలో లేనివారు అధికార పత్రం ఇచ్చి మరొకరిని ప్రతినిధిగా నియమించుకునే దారీ ఉంది. పాస్‌వర్డే కావాలని పట్టుబట్టే మనిషితో పని పెట్టుకోకండి.

రోజులు లెక్కపెట్టకుండా ఎన్నారైనని రాయకండి

గల్ఫ్ వీసా ఉన్నంత మాత్రాన పన్ను చట్టంలో ఎన్నారై అయిపోరు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా దేశంలో ఎన్ని రోజులున్నారన్నదే ముఖ్యం. ఉద్యోగం కోసం వెళ్లే భారత పౌరుడికి గీత 182 రోజులు. సెప్టెంబరు 20న విమానం ఎక్కితే ఆ ఏడాది ఇక్కడున్నది 173 రోజులు, ఎన్నారైయే. అదే మనిషి అక్టోబరు 10న ఎక్కితే 193 రోజులు. రెసిడెంట్ కింద లెక్క, ఆ ఏడాదికి దుబాయ్ జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపాల్సి రావచ్చు. ఇరవై రోజుల తేడా ఎంత పని చేస్తుందో చూడండి. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవారికి నిబంధనలు ఇంకా కఠినం. సెలవుకు వచ్చినప్పుడు 120 రోజుల లెక్క చూసుకోవాలి, పన్నే లేని దేశాల్లో ఉన్నవారికైతే వేరే షరతూ ఉంది. వాళ్లు తెలిసిన సీఏను అడగకుండా అడుగు వేయకూడదు.

ఈ రోజుల లెక్కకు సాక్ష్యంగా పాస్‌పోర్టులో ముద్రలు పడిన ప్రతి పేజీని ఫొటో తీసి దాచండి.

ఎన్నారై ఐటీఆర్-1 వేయకూడదు. వ్యాపార ఆదాయం లేకపోతే ఐటీఆర్-2. ఎవరైనా మీకు ఐటీఆర్-1 వేసి పెట్టారంటే వాళ్లకు పని రాదని అర్థం.

పూర్తి రిఫండు ఇప్పిస్తామనే మాట నమ్మకండి

ఎన్నార్వో (NRO) ఖాతా వడ్డీ మీద బ్యాంకు 30 శాతం, పైన సెస్సు కోస్తుంది. రిటర్ను వేస్తే అందులో కొంత న్యాయంగానే వెనక్కి రావచ్చు. ఎన్నారీ (NRE) ఖాతా వడ్డీకి ఇక్కడ పన్నే లేదు. న్యాయంగా రావాల్సిన దానికి మించి రాబట్టడానికి ఇవ్వని విరాళం, లేని ఇంటి అద్దె చూపిస్తే, తప్పుడు సమాచారానికి జరిమానా పన్నుకు రెండింతలు. ఆ నోటీసు మీకే వస్తుంది, కమీషన్ తిన్నవాడికి కాదు. సమర్పించే ముందు మీ పన్ను కోత, ఆదాయ వివరాలు ఉండే 26ఏఎస్, ఏఐఎస్ పత్రాలు పక్కన పెట్టుకుని ప్రతి అంకె మీరే పోల్చుకోండి.

ప్లాటు అమ్మేటప్పుడు ఎన్నారైనన్న సంగతి కొనేవారి దగ్గర దాచకండి. రెసిడెంట్ దగ్గర కొన్నట్టు ఒక శాతం కోస్తే సరిపోదు. తక్కువ పన్ను కోతకు శాఖ ఇచ్చే సర్టిఫికెట్ కోసం రిజిస్ట్రేషన్‌కు చాలా ముందే దరఖాస్తు చేసుకోండి.

నోటీసు రాగానే కంగారుపడి లింకు నొక్కకండి

2019 అక్టోబరు నుంచి శాఖ పంపే నోటీసు మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. పోర్టల్‌లో లాగిన్ అవసరం లేకుండానే అది అసలుదో కాదో చూసుకోవచ్చు. ఓటీపీ, పిన్, కార్డు వివరాలు ఈమెయిల్‌లో శాఖ అడగదు. దొంగ లింకు వల్ల డబ్బు పోయిందని తెలిసిన క్షణమే బ్యాంకుకు చెప్పి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఇంట్లోవాళ్లు ఇక్కడి నుంచి 1930కి ఫోన్ చేయవచ్చు.

అమెరికాలో ఉన్నవారికి ఇంకో మాట. అక్కడ పన్ను రెసిడెంట్ అయితే, ఇక్కడ పన్ను లేని ఎన్నారీ వడ్డీ కూడా అక్కడ చూపాలి. ఇండియా ఖాతాలతో సహా అమెరికా బయటి ఖాతాలన్నిట్లో కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక వేరుగా దాఖలు చేయాలి. డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసి, దాని మీద సంతకం పెట్టనని, రిటర్ను తయారీదారుకు ఉండాల్సిన పీటిన్ నంబరు రాయనని అనేవారి దగ్గరికి వెళ్లకండి.

ఇక ఇండియా రిటర్నుకు చివరి తేదీ మామూలుగా జూలై 31. దాఖలు చేసిన 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేయాలి. ఓటీపీ రాకపోతే నెట్ బ్యాంకింగ్ ద్వారా చేయవచ్చు, లేదా సంతకం చేసిన ఐటీఆర్-వి పత్రం బెంగళూరుకు పోస్టులో పంపవచ్చు. ఆ ఒక్క పని ఏజెంటు మరిచిపోతే గడువులో వేసిన రిటర్ను కూడా చెల్లకుండా పోతుంది. కాబట్టి రసీదు మీ ఈమెయిల్‌కు వచ్చేదాకా పని అయిందని అనుకోకండి.