కూరేశుల నేత్రహానియు స్తవరచనయు

శరీరమునకు పెద్ద గాయము తగిలినప్పుడు మనుష్యునకు రెండు బాధలు కలుగును. మొదటిది నొప్పి. రెండవది, నిన్నటి వరకు తాను చేసిన పనిని నేడు చేయలేకపోవుచున్నానను దిగులు. నొప్పికి వైద్యుడు మందిచ్చును, గాయమునకు కట్టు కట్టును. దిగులునకు మాత్రము ఔషధశాలలో మందు దొరకదు. మాను కొట్టివేసినను వేరున తడి యున్నచో చిగురు వచ్చునట్లు, అట్టి దశయందు గూడ మనుష్యుని లోపలినుండి క్రొత్త శక్తి పుట్టవచ్చునని మన పూర్వాచార్యుల చరిత్రములు చెప్పుచున్నవి. వానిలో కూరేశుల చరిత్రము ముఖ్యమైనది.

కాంచీపురమునకు సమీపముననున్న కూరము అను గ్రామము వీరి జన్మస్థలము. శ్రీవత్సాంకమిశ్రులని వీరి నామధేయము. తమిళదేశమున కూరత్తాళ్వాన్ అని పిలుతురు. మకరమాసమున హస్తానక్షత్రమునాడు వీరి తిరునక్షత్రమును నేటికిని వైష్ణవక్షేత్రములయందు జరుపుచున్నారు. వీరు గొప్ప ధనవంతులు, అన్నదాతలు. అట్టివారు సర్వస్వమును విడిచి, ధర్మపత్ని ఆండాళమ్మతో శ్రీరంగము చేరి, భగవద్రామానుజుల పాదములను ఆశ్రయించిరి. పరాశరభట్టరు వీరి కుమారులే.

కూరేశుల ధారణాశక్తి అసామాన్యము. బ్రహ్మసూత్రములకు బోధాయనమహర్షి వ్రాసిన వృత్తిగ్రంథమును చూచుటకై రామానుజులు కాశ్మీరమునకు వెళ్ళినప్పుడు కూరేశులు వెంట నుండిరి. ఆ గ్రంథమును తమవద్ద నుంచుకొను భాగ్యము వారికి కలుగలేదు. గురువుగారు విచారపడుచుండగా, తాము రాత్రులయందు చదివి గ్రంథమంతయు ధారణచేసితిమని కూరేశులు విన్నవించిరట. పిమ్మట రామానుజులు శ్రీభాష్యమును చెప్పుచుండగా వ్రాసినవారు వీరే. కన్నులతో చదువుట, చేతితో వ్రాయుట, ఇదియే వారి నిత్యకైంకర్యము. ఈ విషయమును జ్ఞాపకముంచుకొన్నచో తరువాతి కథ బాగుగా బోధపడును.

ఆపద వచ్చిన విధము

గురుపరంపరాగ్రంథములు చెప్పు వృత్తాంతమిది. ఒక చోళరాజు మతదురాగ్రహముతో, తన సిద్ధాంతమును అంగీకరించుచున్నట్లు రామానుజులచేత వ్రాలు చేయించుకొనదలచి భటులను శ్రీరంగమునకు పంపెను. ఇట్లు చేయుమని రాజునకు బోధించినవాడు నాలూరాన్ అనువాడు. అతడు కూరేశులవద్ద చదువుకొన్న శిష్యుడే. కూరేశులు తాము కాషాయవస్త్రమును, త్రిదండమును ధరించి, రామానుజులవలె రాజసభకు పోయిరి. వృద్ధులైన మహాపూర్ణులు వారివెంట వెళ్ళిరి. రామానుజులు తెల్లని వస్త్రములు ధరించి పడమటి దిక్కుగా ప్రయాణమై, కర్ణాటకదేశమున మేల్కోట చేరిరి.

సభలో కూరేశులు వ్రాలు చేయుటకు అంగీకరింపలేదు. రాజు కోపించి ఆ యిరువురి కన్నులను తీయింప నాజ్ఞాపించెను. అట్టి రాజును చూచిన కన్నులు తమకు వలదని కూరేశులు తామే తొలగించుకొనిరని పెద్దలు చెప్పుదురు. మహాపూర్ణులు త్రోవలోనే, కూరేశుల ఒడిలో తల యుంచి పరమపదించిరి. కన్నులు లేని శిష్యుడొకడు శ్రీరంగమునకు తిరిగివచ్చెను. అచ్చట గురువుగారు లేరు.

ఇది ఒక మతమును నిందించుటకు చెప్పు కథ కాదు. అధికారమదముతో ఒకడు చేసిన క్రూరకార్యమును మరియొకడు ఎట్లు భరించెనో చూచుటయే ఇచ్చటి ప్రయోజనము.

కోవెలద్వారమువద్ద

శ్రీరంగమున మరియొక పరీక్ష కలిగెను. రామానుజసంబంధము గలవారిని కోవెలలోనికి రానీయవలదని ఆజ్ఞ యుండెను. ద్వారముకడ నున్నవారిలో ఒకడు అడ్డగించెను. మరియొకడు, ఇతడు అందరికిని మంచివాడు గనుక పోనిమ్మనెను. ఆ మాట విని కూరేశులు వెనుకకు తిరిగిరి. సద్గుణములు ఆచార్యసంబంధమును నిలుపుటకు కావలెను గాని, ఆ సంబంధమును విడిచి లోపలికి పోవుటకు కారణము కారాదని వారి భావము. చూపు పోయినను వారి నిశ్చయము పోలేదని దీనివలన తెలియుచున్నది.

వనాద్రియందు

అటుపిమ్మట వారు కుటుంబముతో మధురకు ఉత్తరమున నున్న తిరుమాలిరుంజోలైకి వెళ్ళిరి. దీనినే అళగర్ కోయిల్ అందురు. పెరియాళ్వారు, ఆండాళ్, నమ్మాళ్వారు మొదలైనవారు కీర్తించిన దివ్యదేశమిది. కొండ, వనము, నూపురగంగ అను జలధార, స్వామికి సుందరబాహువను నామము, ఇవి ఆ క్షేత్రవిశేషములు.

ఇచ్చటనే కూరేశులు సుందరబాహుస్తవమును రచించిరి. వందకు పైగా శ్లోకములుగల ఈ స్తవమున వనాద్రి సౌందర్యమును, స్వామి దివ్యమంగళవిగ్రహమును అవయవక్రమమున వర్ణించిరి. కిరీటము, ముఖము, బాహువులు, వక్షఃస్థలము, పాదములు అన్నియు ఆ శ్లోకములలో నున్నవి. చదువరి ఒక్కక్షణము ఆగి ఆలోచింపవలెను. ఈ వర్ణన చేసినవారు ఆ విగ్రహమును కన్నులార చూడగల స్థితిలో లేరు. మరి ఆ రూపము వారికి ఎచ్చటనుండి లభించినది? ఆళ్వార్ల పాశురములనుండి, పురాణములనుండి, ఏండ్లతరబడి చేసిన ధ్యానమునుండి లభించినది. కాశ్మీరమున గ్రంథమును లోపల దాచుకొన్న బుద్ధియే ఇచ్చట స్వామిని లోపల చూచినది.

ఇంకొక సంగతి. పూర్వము గురువు చెప్పగా వ్రాసిన చేయి ఇప్పుడు తానై వ్రాయజాలదు. నాడు లేఖకులైనవారు నేడు చెప్పువారైరి. వినువారు, వ్రాయువారు ఇతరులైరి. ఒక పని పోయినచోట మరియొక పని కలిగెను. ఇతరుల సాయము కోరుటను వారు అవమానముగా తలపలేదు.

ఈ స్తవము చివరిభాగమున వారు కోరినది నేత్రములను కాదు. పూర్వమువలె శ్రీరంగమున రామానుజులతో కూడి స్వామిని సేవించు భాగ్యమును అనుగ్రహింపుమని ప్రార్థించిరి. దేనివలన హృదయమునకు నిజముగా వెలితి కలిగినదో అదియే వారు అడిగిరి.

కంచి వరదునియెదుట

చోళరాజు మరణించిన పిదప రామానుజులు శ్రీరంగమునకు తిరిగివచ్చిరి. శిష్యుని ముఖమును చూచి దుఃఖించిరి. తనవలన ఇట్టి కష్టము వచ్చెనని వారనగా, తాము ఎప్పుడో ఎవరో వైష్ణవుని నొసట ఊర్ధ్వపుండ్రము వంకరగా నున్నదని తలచియుందుమని, అందులకే ఈ ఫలము కలిగియుండవచ్చునని కూరేశులు సమాధానము చెప్పిరట. గురువుమీద భారము పడకుండుటకు చెప్పిన మాట యిది. దీనిని పట్టుకొని బాధపడువారితో ‘నీ పాపఫలము’ అనుట తగదు. కూరేశులు తమ్మునుగూర్చి చెప్పుకొనిరే గాని ఒరులను అనలేదు.

తరువాత రామానుజులు కూరేశులను కంచికి తోడ్కొనిపోయి, వరదరాజస్వామిని స్తుతించి నేత్రములను కోరుమని ఆజ్ఞాపించిరి. అప్పుడు వెలసినది వరదరాజస్తవము. స్వామి ప్రసన్నుడై ఏమి కావలెనని అడుగగా, తాము పొందు గతినే నాలూరానుకు గూడ ప్రసాదింపుమని కూరేశులు వేడిరట. తన కన్నులు పోవుటకు కారణమైనవానికి మోక్షమును కోరిరి. నేత్రముల విషయమున సంప్రదాయమున రెండు విధములుగా చెప్పుదురు. స్వామిని, ఆచార్యుని మాత్రము దర్శించుటకు తగిన చూపు లభించెనని కొందరు. లోపలి చూపే చాలునని వారు బాహ్యదృష్టిని కోరలేదని కొందరు. ఏది గ్రహించినను సారము ఒక్కటే. ద్రోహిమీది కోపము వారి మనస్సున మిగులలేదు. ఆ గాయము మానినది.

శ్రీవైకుంఠస్తవము, అతిమానుషస్తవము, సుందరబాహుస్తవము, వరదరాజస్తవము, పదునొకండు శ్లోకముల శ్రీస్తవము, ఈ ఐదును పంచస్తవములని ప్రసిద్ధి చెందినవి. అతిమానుషస్తవమున ఒక చక్కని ప్రశ్న కలదు. మనుష్యుడనని చెప్పుకొన్న రాముడు, రెక్కలు తెగి పడియున్న జటాయువునకు మోక్షమును ఎట్లు ఇచ్చెను? అంగహాని పొందిన ప్రాణిని భగవంతుడు తక్కువగా చూడడని ఆ ప్రశ్నలోనే తెలియుచున్నది.

గృహస్థులకు బోధ

ఎముక విరిగి నెలలతరబడి మంచము పట్టినవారు, చూపు తగ్గినవారు, చేయి ఆడనివారు మన యిండ్లలో నుందురు. వారి విషయమున ఈ చరిత్రము నాలుగు మాటలు చెప్పుచున్నది.

మొదటిది: వైద్యము మానరాదు. శరీరము భగవంతుని సొత్తు గనుక దానిని కాపాడుట మన విధి. రామానుజులే శిష్యునకు చూపు రావలెనని కోరిరి గదా. స్తోత్రపఠనము మందునకు తోడు, మందునకు బదులు కాదు.

రెండవది: రోగికి విశ్రాంతితోపాటు తగిన పనియు ఇయ్యవలెను. కూర్చుండగలిగినవారికి తులసిమాల కట్టు పని, పాడగలవారికి పాశురము, చెప్పగలవారికి మనుమలకు శ్లోకము నేర్పు పని అప్పగింపవచ్చును. వ్రాయలేనివారు చెప్పుచుండగా పిల్లలు వ్రాసికొనవచ్చును. దానివలన ఆ ఇంటి సంప్రదాయమును నిలుచును, రోగికి తాను భారము కాదను ధైర్యమును కలుగును.

మూడవది: మంచి దినములలోనే కొంత ధారణ చేయవలెను. కన్ను పనిచేయునప్పుడు కంఠస్థము చేసినది, కన్ను పనిచేయనినాడు అక్కరకు వచ్చును.

నాలుగవది: కారకులను తలచి కోపమును పెంచుకొన్నచో గాయము రెండింతలగును. కూరేశులంతటి క్షమ అందరికిని ఒక్కనాట రాదు. తొందరపెట్టి తెప్పించునదియు కాదు. అయినను అట్టి క్షమ సాధ్యమని తెలిసియుండుట మేలు.

అళగర్ కోయిలునకుగాని, కంచికిగాని యాత్ర వెళ్ళు భక్తులు సన్నిధిలో నిలిచి ఒక్కక్షణము కన్నులు మూసికొని కూరేశులను స్మరింతురు గాక. పిదప కన్నులు తెరచి, చూపు అను అనుగ్రహమునకు కృతజ్ఞతతో స్వామిని సేవింతురు గాక. ఇంటికి తిరిగివచ్చి, మంచముమీద నున్న తమవారిచెంత కూర్చుండి ప్రసాదము పెట్టి, ‘మీకు వచ్చిన శ్లోకమొకటి చెప్పుడు’ అని అడిగినచో యాత్ర సఫలమగును.