పుష్కరాల లెక్కన ఇంటి కథ

విజయవాడ పటమటలో ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లల్లో చాలామందికి ఊహ తెలిసేసరికే ఇంట్లో లిఫ్టు, కింద కారు ఉన్నాయి. అంతకుముందు సంగతుల్లో మనం వాళ్లకు చెప్పేవి గెలిచినవే. తాతయ్య ఆటోనగర్‌లో షెడ్డు పెట్టింది చెబుతాం. ఆ షెడ్డు మూతపడ్డ ఏడాది, అమ్మమ్మ గాజులు తాకట్టుకు వెళ్లిన సంగతి మింగేస్తాం. పిల్లలు దిగులుపడతారని భయం. ముందుగా చెప్పాల్సినవి ఆ మింగేసినవే.

అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే మానసిక శాస్త్రవేత్తలు 2001లో పిల్లల్ని వాళ్ల ఇంటి గురించి 20 ప్రశ్నలు అడిగారు. అమ్మానాన్నలు ఎలా కలిశారు, తాతలు ఎక్కడ పెరిగారు, ఇలాంటివి. ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనిపించింది. పడి లేచిన కథ విన్నవాళ్లకే ఎక్కువ నిబ్బరం ఉంటుందని డ్యూక్ అంటారు. జవాబులు బట్టీ పట్టిస్తే మాత్రం ఆ నిబ్బరం రాదు. ఏళ్ల తరబడి కూర్చుని మాట్లాడుకునే ఇంట్లో అది పెరుగుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా? మనకు కృష్ణా పుష్కరాలున్నాయి. 1980, 1992, 2004, 2016. ఒక్కో పుష్కరానికి మన ఇల్లు ఎక్కడుంది, అద్దె ఎంత, అప్పు ఎంత, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు? రైతు బజారు నుంచి తెచ్చిన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఒక్క పుష్కరం సంగతి చెప్పండి చాలు. దివిసీమ నుంచి వచ్చిన కుటుంబమైతే 1977 నవంబరు ఉప్పెన తప్పకుండా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఏం చూశారో పిల్లల చేతే చెప్పించండి. ఇంటి కథలో వాళ్లకూ వాటా ఉంది.

ఒక్క జాగ్రత్త. మార్కులు తగ్గిన రోజున ఈ కథ ఎత్తకండి. ‘నీ కోసమే ఇంత కష్టపడ్డాం’ అన్నారా, విన్నదంతా పిల్లాడి మెడకు అప్పుగా చుట్టుకుంటుంది. పొలం పంపకాల్లో పెదనాన్నతో మాటలు తెగిపోయిన సంగతి చెప్పొచ్చు, ఆయన్ని చెడ్డవాణ్ని చెయ్యకుండా. ఇప్పుడున్న అప్పుల బరువు చిన్నపిల్లల మీద పెట్టకండి. ఇంటర్ పిల్లలకైతే అప్పు ఎంతో, ఎలా తీరుస్తున్నామో కూడా కలిపి చెప్పండి.

వాళ్లడిగిన దానికి జవాబు మీకు తెలియకపోతే, ఊళ్లో ఉన్న పెద్దమ్మకు ఫోన్ కలిపి పిల్లల చేతికే ఇవ్వండి.