వరుసలో చివరి బిడ్డ

జనగామ,
ఆదివారము ఉదయము.

చిరంజీవి మనుమరాలికి తాత ఆశీస్సులు.

బిడ్డా, నీ ఉత్తరము చేరినది. బీపీఎడ్ తరగతిలో మొదటి వారముననే మీ అధ్యాపకులు వ్యాయామ విద్యా లక్ష్యములెవ్వి అని ప్రశ్నించిరనియు, పుస్తకములో అంకెలు వేసి యిచ్చిన జాబితాను ఒప్పజెప్పి కూర్చున్నను మనస్సు నిండలేదనియు వ్రాసితివి. నిండకపోవుటయే మంచిది. ముప్పదియేండ్లు మెడలో ఈల వేసికొని జనగామలోను, మానుకోటలోను, భూపాలపల్లిలోను మైదానముల దుమ్ము మ్రింగిన నాకు సైతము ఆ ప్రశ్నకు సమాధానము ఉద్యోగ విరమణము సమీపించిన పిదపగాని దొరకలేదు. (ఆ కాలమున ఈ మూడు ఊళ్లును ఒక్క వరంగల్లు జిల్లాలోనివే, 2016లో గదా మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి.)

నీవు భూపాలపల్లిలో పుట్టి పెరిగినదానవు. తెల్లవారుజామున బొగ్గుగనుల రోడ్లపై పరుగెత్తు యువజనమును చూచియే యుందువు. పోలీసు కొలువుల ప్రకటన వెలువడినంతనే మన పల్లెలన్నిటికిని దేహమొకటి కలదని జ్ఞప్తికి వచ్చును. మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషముల 15 సెకండ్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషముల 20 సెకండ్లలో అని 2022 నాటి ప్రకటనలో ఇచ్చిన కొలతలు ఎక్కముల వలె అందరికిని కంఠస్థములు. నేను పరిహసించుట లేదు. కూటికొరకు పరుగెత్తువానిని పరిహసించువాడు ఆకలి ఎరుగనివాడు. అయితే కొలువు వచ్చినవాడును, రానివాడును ఒక్కనాడే పరుగు మానివేయుదురు సుమా! చదువ నేర్చినవాడు పరీక్ష ముగిసిన మరునాడు అక్షరములను మరచునా? దేహమునకును అట్టి అక్షరాస్యత కలుగజేయుటయే మన శాస్త్రము పని. అది లేని పరుగు శిక్షణ యగునేమో గాని విద్య గాదు.

శిక్షణనే విద్య యనుకొను ఈ పొరపాటు నేటిది గాదు. నెపోలియను చేతిలో ప్రష్యా భంగపడిన పిదప, దేశమునకు దండు కావలెనను తపనతో 1811లో యాన్ అనువాడు బెర్లిను వెలుపల వ్యాయామ క్షేత్రమును తెరచెను. 1813లో లింగ్ అనువాడు స్టాక్‌హోములో వ్యాయామ శిక్షణాలయమును నెలకొల్పెను. ఆ వరుసలు, ఆ ఆజ్ఞలు, ఆ కవాతు దేశములు దాటి వచ్చి మన బడులలో డ్రిల్లు పేర స్థిరపడినవి. మమ్ము డ్రిల్లు సార్లనియే పిలిచెడివారు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించిన నాటినుండి, ఆటలు నేర్పువానికిని ఉపాధ్యాయ శిక్షణ అవసరమను తలంపు మన దక్షిణాదిని వేళ్లూనినది. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పాఠశాలలలో ఆటలు చూచుకొనుచు పైకి వచ్చినవాడే. 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణమును, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమును మన ఫుట్‌బాల్ జట్టు ఆయన శిక్షణలోనే గడించినది.

ఇక మన ముంగిటి కథ వినుము. మానుకోటకు దాపున, పర్వతగిరి మండలమున కల్లెడ యను ఊరు కలదు. ఆ ఊరి కూలీల బిడ్డ జీవాంజి దీప్తి. బుద్ధి వికాసమున పుట్టుకతోనే లోపము గల ఆమెను ఇరుగుపొరుగువారు హేళన చేసిన సంగతి ఆమె తల్లిదండ్రులే లోకమునకు చెప్పియున్నారు. ఆ బిడ్డ పరుగును బడిలో మొదట పసిగట్టినది ఒక వ్యాయామోపాధ్యాయుని కన్ను. పిదప ద్రోణాచార్య పురస్కార గ్రహీత నాగపురి రమేశ్ ఆమెను తీర్చిదిద్దెను. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున 400 మీటర్లను 55.07 సెకండ్లలో ముగించి తన విభాగమున ప్రపంచ రికార్డు నెలకొల్పినది. సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్సులో 55.82 సెకండ్లతో కాంస్యము గెలిచినది. పత్రికలన్నియు పతకమును వర్ణించినవి. నేను మాత్రము ఆ కన్నును గూర్చియే పలుమారు తలపోయుచుందును.

ఏలయనగా నా కన్ను అట్టిది గాదు. ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ఊరు పేరు చెప్పను, ఉబ్బసముతో బాధపడు ఒక పిల్లవాడు నా తరగతిలో నుండెను. పది అడుగులకే ఆయాసపడునని, వానిని చెట్టుక్రింద కూర్చుండబెట్టి తక్కినవారి చెప్పులకును, పుస్తకముల సంచులకును కావలి యుంచితిని. ఒకనాడు గాదు, మూడు సంవత్సరములు. దయ చూపుచున్నాననియే అనుకొంటిని. బడి విడిచిన చాలకాలమునకు జనగామ స్టేషనులో కనబడి నమస్కరించి, "సార్, మీరు నాకు ఆట నేర్పలేదు గాని అందరి చెప్పులు గుర్తుపట్టుట నేర్పినారు" అని నవ్వెను. ఆ నవ్వు నాకు నేటికిని గుచ్చుకొనుచునే యున్నది. నీరెండలో నడక, నెమ్మదిగా ఊపిరి తీయు అభ్యాసము, నాలుగు అడుగులు పరుగెత్తి నిలిచి మరల నడచుట, ఇంతమాత్రము వానికి నేర్పరాదా?

ఇప్పుడు, దేహ దార్ఢ్యమనగా నేమి అను నీ రెండవ ప్రశ్న. దేహ దార్ఢ్యమనగా కండలు గాదు. గుండెకును ఊపిరితిత్తులకును గల ఓర్పు, కండరముల బలము, కండరముల ఓర్పు, కీళ్లు సులువుగా వంగు గుణము, దేహమున కొవ్వునకును తక్కిన ధాతువులకును గల పాలు అని శాస్త్రజ్ఞులు అయిదు అంగములు చెప్పుదురు. పుస్తకమున చదివితివి గదా, మనుష్యులయందు చూడుము. కేసముద్రము మార్కెట్టులో బస్తాను వీపున వేసికొను హమాలీది బలము. సర్వాయి పాపన్న కోట నిలిచిన ఖిలాషాపురము తోవలో, మోకు వేసికొని పూటపూటకును తాళ్లనెక్కు గౌడన్నది ఓర్పుతో కూడిన బలము. జాములకొలది వంగి నాటువేసి, రాత్రి బతుకమ్మ చుట్టు చప్పట్లు కొట్టుచు వంగి లేచు ఆడబిడ్డల నడుము చూచిన, కీళ్లను గూర్చి వేరే పాఠము అక్కరలేదు.

మరి కష్టపడువారికి వ్యాయామమెందుకని నిన్ను తప్పక అడుగుదురు. కూలిపని ఒక భుజమును, ఒక మోకాలిని మాత్రమే లాగును. దానికి మితము లేదు, విశ్రాంతి లేదు. హమాలీల వెన్ను ఒకవైపునకే వంగిపోవుట నేను కన్నులార చూచితిని. వ్యాయామమునకు ప్రాణము మితము. బలవంతుడు సైతము చలికాలమునను వసంతమునను తన శక్తిలో సగము మేరకే శ్రమింపవలెననియు, ఇతర ఋతువులలో ఇంకను తగ్గింపవలెననియు అష్టాంగహృదయమున వాగ్భటుడు విధించెను. ఎండకాలమున ఆయన మాట మీ బొగ్గుగనుల ఊరికి వ్రాసినట్లే యుండును. ఎండ ముదిరిన పిదప పిల్లలను మైదానమునకు తేవలదు. నేటి శిక్షకుల గురుతు మరింత సులభము: మాటాడగలిగి, పాడలేనంతటి శ్రమ చాలును. అంతకు మించినదానిని వారములు గడచుకొలది కొంచెము కొంచెముగా పెంచవలెను.

కలిమి కూడ దేహమును చెఱచును. 1950 దశకమున క్రౌస్ అను వైద్యుడును ఆయన సహచరులును ఆరు చిన్న పరీక్షలు పెట్టగా, అమెరికా పిల్లలలో సగము మందికి మించి ఏదో ఒకదానిలో తప్పిరి. ఐరోపా పిల్లలలో తప్పినవారు పదవవంతు కూడ లేరు. ఆ వార్త విని కలతపడిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1956లో యువజన దార్ఢ్యమునకై ప్రత్యేక మండలినే ఏర్పరచెను. మన పిల్లలు గుమ్మములోనే ఆటో ఎక్కి, ఇంటికి వచ్చి ఫోను పట్టుకొను ఈ దినములలో ఆ కథ మనకు దూరము గాదు.

5 మొదలు 17 ఏండ్ల వరకు పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను చెమట పట్టునట్లు మెలగవలెననియు, వారమునకు మూడు దినములైనను ఎముకలును కండరములును గట్టిపడు పని చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. బడిలో నీకు దొరకు పీరియడు అందుకు చాలదు. కావున నీవు నేర్పునది ఇంటికి వెంటబోవు ఆట కావలెను. చెడుగుడునకు గీత చాలును, చిర్రగోనెకు రెండు కట్టెలు చాలును, తొక్కుడుబిళ్ళకు పెంకుముక్క చాలును. వీలైన ఒక దినము రేగొండ వైపున నున్న పాండవుల గుట్టలకు తీసికొనిపొమ్ము. ప్రాచీన మానవుడు బొమ్మలు గీసిన ఆ రాళ్లను ఎక్కి దిగునపుడు తూకము, పట్టు, ధైర్యము ఏకకాలమున పిల్లలకు అబ్బును. ఆడపిల్లలను నెలసరి పేర బలవంతముగా కూర్చుండబెట్టకుము, బలవంతముగా లేపకుము, వారినే అడుగుము.

నా మోకాళ్లు ఇక కూర్చుండనీయవు, లేచి నాలుగడుగులు నడచి రావలెను. వచ్చు మాసము నీవు బోధనాభ్యాసమునకు బడికి పోవుదువు గదా. దసరా సెలవులకు ఇక్కడికి వచ్చునపుడు గెలిచినవారి పట్టికను తేనక్కరలేదు. చెట్టుక్రింద కూర్చున్న పిల్లల పేర్లు వ్రాసికొని రమ్ము, ఒక్కొక్కరికి ఏ ఆట కుదురునో ఇద్దరమును కూర్చుండి ఆలోచింతము.

ఇట్లు,
నీ తాత.